తప్పు కొస బావ

పొరపాట్లు అందరూ చేస్తారు. కానీ ఒక్కసారి కూడా గురి తప్పకుండా, నూటికి నూరుసార్లూ పొరపాటే చేసిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. ఆయన బావ. మేడల అద్దాలు కడగడం ఆయన వృత్తి. కడుగుతుండగా నీళ్ళు ఆగిపోయాయంటే చాలు, లోపం ఏ కొసన ఉందో సరిగ్గా దానికి ఎదురు కొస నుంచి వెతకడం మొదలుపెడతాడు. ట్యాంకు ఖాళీ అయితే బ్రష్షు ఊడదీస్తాడు. బ్రష్షులో మట్టి పడితే ట్యాంకులో తల దూరుస్తాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఒక్కనాడు, కనీసం పరధ్యానంగానైనా, ఒప్పు కొస పట్టుకున్న పాపాన పోలేదు.

నిజానికి ఆయన బావ అయ్యేది ఒక్కడికే. ఆ ఒక్కడు ఆయన భార్యకి తమ్ముడు, ఆయన దగ్గరే పనిచేసే బావమరిది. అతను పొద్దున్నుంచి సాయంత్రం దాకా వీధి ఈ మూల నుంచి ఆ మూలకి "బావా! బావా!" అని కేకలు పెట్టడం వల్ల కాపలావాళ్ళకీ, మేడల యజమానులకీ, పాలు పోసేవాడికీ కూడా ఆయన బావే అయిపోయాడు. ఓ రోజు కన్నతల్లి సైతం నోరు జారి "బావా, అన్నానికి రా" అని పిలిచిందట. ఆయన వెళ్ళాడట కూడా. నమ్మకపోతే మానేయండి.

వీళ్ళ పనిముట్టు సంగతి ముందు కాస్త తెలియాలి. నిచ్చెన ఎక్కకుండా, తాడుకి వేలాడకుండా, నేల మీద నిలబడే నాలుగో అంతస్తు అద్దం కడిగే గడ అది. రేడియో యాంటెన్నాలా ఒకదాంట్లోంచి ఒకటి లాగితే పొడవు పెరుగుతూ పోతుంది. పై కొసన బ్రష్షు, బ్రష్షుకి రెండు సన్నటి ముక్కులు. కింద బండిలో ట్యాంకు, దాని పక్కన బ్యాటరీతో నడిచే పంపు (ముందు దారి మూసుకుపోతే దానంతటదే ఆగిపోతుంది), ఆ పక్కన ఫిల్టరు. అక్కడినుంచి వంద మీటర్ల గొట్టం నేలంతా పాకి, గడ లోపలికి దూరి, పైదాకా ఎగబాకి, బ్రష్షు ముక్కుల్లోంచి నీళ్ళు చిమ్ముతుంది. ఆ నీళ్ళు ఎంత శుద్ధమైనవంటే గుడ్డ పెట్టి తుడవక్కర్లేదు, వాటంతటవే ఆరిపోతాయి, చుక్క మరక మిగలదు. బావ కడిగిన ఒక ఆఫీసులో గుమస్తా కిటికీ తెరిచే ఉందనుకుని చల్లారిన టీ బయటికి విసిరాడు. టీ అంతా తిరిగొచ్చి అతని చొక్కా మీదే పడింది. ఆ గుమస్తా ఆ తర్వాత ప్రతి కిటికీనీ ముందు వేలితో పొడిచి చూసుకుని గానీ దగ్గరికి పోలేదు.

ట్యాంకు నుంచి ముక్కుల దాకా నీళ్ళు ఆగిపోవడానికి దారిలో వంద చోట్లున్నాయి. బ్యాటరీ నీరసించవచ్చు, ఫిల్టరు పూడుకుపోవచ్చు, గొట్టం మెలిక పడవచ్చు, అతుకు కారవచ్చు, గడ లోపల గొట్టం నలగవచ్చు. ఆ వందలోంచి అస్సలు సంబంధం లేని చోటు ఎంచుకోవడంలో బావకి సాటి వచ్చేవాడు లేడు. అరగంట వెతికి, నీళ్ళు ఎలాగో వచ్చేశాక, చేతులు దులుపుకుని తీర్పు చెప్పేవాడు. తీర్పు ఎప్పుడూ ఒక్కటే.

"ఏం లేదు. గాలి పట్టేసింది."

ఇన్నేళ్ళలో గాలి మీద మోపిన నేరాలు పోగేస్తే, దానికి పదమూడు జన్మల శిక్ష పడాలి.

జట్టులో మూడో మనిషి పిన్ని. ట్యాంకు నింపడం, ఫిల్టరు చూసుకోవడం ఆమె పని. చేరిన మొదటి వారంలో ఒక బడి భవనం దగ్గర రెండో అంతస్తులో ఉండగా నీళ్ళు సన్నగిల్లి, చుక్కలై, ఆగిపోయాయి. ట్యాంకు మూత తీస్తే అడుగు కనబడుతుంది, అంత ఖాళీ. పసిపిల్ల కూడా చెప్పగలదు. బావ మాత్రం గడని అడుగడుగునా కుదిస్తూ కిందికి దించి, బ్రష్షుని ఒళ్ళో పడుకోబెట్టుకుని, ముక్కుల్లో నోటితో ఊదడం మొదలుపెట్టాడు. బుగ్గలు బూరెల్లా పొంగాయి. బడిపిల్లలు కిటికీల దగ్గర గుమిగూడి, ఏదో వాయిద్యం కాబోలు, ఇప్పుడో ఇంకాసేపటికో పాట వస్తుందని ఎదురుచూశారు.

"ఏంటి బావా, బ్రష్షు ఏం చేసింది పాపం?" అన్నాడు బావమరిది.

"ఉండరా. ముక్కు దిబ్బడగా ఉంది దీనికి."

ఈలోగా ట్యాంకు ఎలా నిండిందో నిండింది. నీళ్ళు వచ్చాయి. నేరం గాలి మీద పడింది.

ఇంకోసారి బావమరిది బ్రష్షుని బోర్లా తీసుకెళ్ళి పూలమొక్కల మట్టిలో ఆనించి, ఎదురింటి గోడ మీద కూర్చుని తన వీరగాథలు చెబుతున్నాడు. పైకెత్తేసరికి చుక్క రాలేదు. రెండు ముక్కుల్లోనూ మట్టి, ఒకదాంట్లో చిన్న వానపాము కూడా. బావ ఎక్కడున్నాడు? ట్యాంకులో. నడుము దాకా లోపలికి వంగి, "ఆఁ... ఊఁ..." అని అరుస్తున్నాడు. లోపల్నుంచి ఆయన గొంతు గుహలో సింహం గర్జించినట్టు తిరిగొస్తోంది.

"బావా, ఏం చేస్తున్నావ్?"

"ప్రతిధ్వని బట్టి నీటిమట్టం తెలుస్తుందిరా. కాస్త టైం పడుతుంది. కంగారేం లేదు."

బావమరిది ఆ సందులో గుండుసూదితో ముక్కులు పొడిచి, వానపాముకి పూలమొక్కల మధ్య విముక్తి ప్రసాదించాడు. బావ తడి తలతో బయటికొచ్చి గాలిని మళ్ళీ తిట్టాడు.

ఈ జబ్బు ఇంట్లో కూడా తగ్గేది కాదు. ఒకరోజు పొద్దున బావమరిది అక్క పొయ్యి వెలిగిస్తే వెలగలేదు. సిలిండరు మీట తిప్పడం ఆవిడే మరిచిపోయింది. ఆ సంగతి వాకిట్లో ఉన్న పిల్లికి కూడా తెలుసు. బావ వచ్చి పొయ్యి బర్నరు ఊడదీసి, చిల్లులు నలభై ఆరూ ఒక్కొక్కటే సూదితో శుభ్రం చేశాడు. అప్పటికి సిలిండరు మీట తిరిగే ఉంది.

"మీ బావకి బుర్ర కాస్త వెనకనుంచి ముందుకి పనిచేస్తుందిరా" అంది అక్క టీ గ్లాసు చేతికిస్తూ. అలా అంటున్నప్పుడు ఆవిడ ఎందుకు నవ్వుతోందో బావమరిదికి ఆ రోజు పట్టలేదు.

బావమరిది తక్కువవాడేం కాదు. డిగ్రీ రెండో ఏడాది లెక్కల పరీక్షలోంచి అరగంటకే లేచి వచ్చేసిన ఘనుడు. పేపరు తన స్థాయికి తగ్గట్టు లేదని అతని వాదన. ఆ తర్వాత చదువూ అతనూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. అలాంటి మేధావి బావని నాలుగేళ్ళు దగ్గరనుంచి గమనించి ఒక సూత్రం కనిపెట్టాడు: నీళ్ళు ఆగితే ముందు బావ ఎటు వెళుతున్నాడో చూడు, నువ్వు దానికి ఎదురు దిక్కుకి వెళ్ళు, లోపం అక్కడుంటుంది. సూత్రం ఒక్కసారీ బెడిసికొట్టలేదు. దిక్సూచి ఉత్తరం చూపిస్తుంది, బావ తప్పు చూపిస్తాడు, రెండూ నమ్మదగినవే అని అతను పదిమందిలో చెప్పుకు తిరిగేవాడు.

అలాంటి రోజుల్లో కంటి ఆసుపత్రి వాళ్ళ నుంచి పిలుపొచ్చింది.

నాలుగంతస్తుల ఆసుపత్రి. కళ్ళు బాగుచేయడంలో దానికి మంచి పేరు. కిటికీలు మాత్రం ఎన్నేళ్ళ నుంచి కడగలేదో. మూడో అంతస్తు వార్డులో ఒక దర్జీకి ఒక కంటికి ఆపరేషన్ చేసి, వారం కిందట కట్టు విప్పారు. ఆయన కిటికీలోంచి చూసి బావురుమన్నాడు. "డాక్టరమ్మా, మసక అలాగే ఉంది!" మూడుసార్లు పరీక్ష చేశారు. కన్ను ముత్యంలా ఉంది. చివరికి నర్సమ్మ ఉక్కపోతగా ఉందని కిటికీ రెక్క తెరిచింది. "కనబడుతోంది! కనబడుతోంది!" అని దర్జీ మంచం మీద లేచి నిలబడ్డాడు. ఇప్పుడు ఆయన రెండో కంటికీ ఆపరేషన్ అయింది, ఆ కట్టు సోమవారం పదకొండు గంటలకి విప్పుతారు. ఆలోగా అద్దాలన్నీ తళతళలాడాలని పెద్ద డాక్టరమ్మ హుకుం.

పని నచ్చితే ఏడాది పొడుగునా ఆ ఆసుపత్రి వీళ్ళదే. అది దక్కితే షెడ్డులో దుమ్ము కొట్టుకుంటున్న రెండో బండి తీసి బావమరిది చేతికిస్తానని బావ అందరి ముందూ మాటిచ్చాడు. "ఇవాళ పెత్తనం నీదే బామ్మర్దీ. గడ నీదే, బండి నీదే. నేనూ పిన్నీ నీ కింద పనివాళ్ళం" అన్నాడు. బావమరిది ఆ సోమవారం ఉదయం చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. తన సొంత బండి ఏ రంగు వేయించాలో దారి పొడవునా పిన్నికి వివరిస్తూనే ఉన్నాడు.

గేటు దగ్గర మేనేజరు ఎదురొచ్చాడు. సన్నగా, నిటారుగా, కొలబద్దకి చొక్కా తొడిగినట్టుంటాడు. ముక్కు మీద కళ్ళజోడు, చంకలో నల్ల అట్ట పుస్తకం.

"మీలో పెద్ద ఎవరు?"

"నేనే సార్" అన్నాడు బావమరిది, ఒక అంగుళం పొడుగై.

"నా దగ్గర ఒక పద్ధతి ఉంది. తప్పు జరిగితే దానికి ఒక పేరుండాలి. ఆ పేరు ఈ పుస్తకంలో ఎక్కుతుంది. ఎక్కినవాళ్ళు మళ్ళీ ఈ గేటు లోపలికి రారు. కిందటి నెల గోడ గడియారం అయిదు నిమిషాలు వెనకబడితే దాని పేరు కూడా రాసి బయటికి పంపేశాను."

"ఇవాళ మీ పుస్తకం తెరవక్కర్లేదు సార్. ఈ చేతులతో కడిగితే అద్దం ఉందో లేదో తెలీక కాకులు..."

"కాకుల సంగతి వద్దు. పదకొండింటికి అద్దాలు."

పని చురుగ్గా సాగింది. పదిన్నరకి కింది అంతస్తు, మొదటి అంతస్తు, రెండో అంతస్తు మెరిసిపోతున్నాయి. మిగిలింది పై రెండూ. మూడో అంతస్తుకి గడ లాగుతుండగా కాపలామనిషి పరుగెత్తుకొచ్చాడు. "అయ్యా, డాక్టరమ్మ కారొస్తోంది, బండి పక్కకి తియ్యాలి."

బావమరిది గడని బావ చేతికిచ్చి బండెక్కాడు. వెనక్కి చూడకుండా, అద్దంలో కూడా చూడకుండా, ఒక మోచెయ్యి కిటికీ మీద పెట్టి, గేటు పక్కనున్న ఏటవాలు మీదికి బండిని వెనక్కి ఎక్కించాడు. ఒక్క ఊపులో నిలబెట్టాడు. దిగి చేతులు దులుపుకున్నాడు. "చూశావా పిన్నీ? ఇలాంటివి నిద్రలో కూడా చేస్తాను."

"చూశాను నాయనా" అంది పిన్ని, ఎందుకో నెమ్మదిగా.

బావ దగ్గర గడ తిరిగి అందుకుని పైకెత్తాడు. బ్రష్షు మూడో అంతస్తు అద్దానికి ఆనింది. రెండు చుక్కలు కారాయి. అంతే. బండిలో పంపు 'టక్' మని ఆగిపోయింది.

పది నలభై.

"నీళ్ళేవీ?" మేనేజరు అప్పుడే మెట్ల మీద ప్రత్యక్షమయ్యాడు. పుస్తకం చంకలోంచి చేతిలోకి వచ్చింది.

"ఇప్పుడే సార్, ఒక్క నిమిషం..."

"ఒరేయ్, గడ ఇలా ఇవ్వు. లోపం బ్రష్షులోనే ఉంది" అన్నాడు బావ. గడ అందుకుని, బండివైపు వీపు పెట్టి, ఒక్కొక్క అంచె దించడం మొదలుపెట్టాడు.

బావమరిది ప్రాణం లేచొచ్చింది. బావ బ్రష్షు అన్నాడంటే లోపం బండి దగ్గరుందన్నమాట! సూత్రం పుణ్యమా అని సగం పని అయిపోయింది. గొట్టం వెంబడే బండివైపు అంగలేశాడు. మెలిక లేదు. అతుకు కారడం లేదు. బండి దగ్గరికి వచ్చాడు.

వెనక చక్రం సరిగ్గా గొట్టం మీద కూర్చుని ఉంది. నిద్రలో కూడా చేయగలనన్న పని, మెలకువలోనే చేశాడు.

అతని గుండె జారి చెప్పుల్లో పడింది. తల తిప్పి చూస్తే ఇరవై అడుగుల దూరంలో మేనేజరు. కలం మూత తీసి ఉంది.

"ఎవరిదయ్యా తప్పు? పేరు చెప్పండి. పది నలభై మూడు."

బండి కదిలిస్తే మేనేజరు చూస్తాడు. కదిలించకపోతే నీళ్ళు రావు. రెండు దారుల్లోనూ చివర తన పేరే, నల్ల అట్ట పుస్తకంలో, ముత్యాల్లాంటి అక్షరాల్లో. రెండో బండి రంగుతో సహా కళ్ళముందే కరిగిపోతోంది. చక్రం కనబడకుండా దానికి అడ్డంగా నిలబడ్డాడు.

"సార్!" అని బావ గావుకేక పెట్టాడు అటునుంచి. "తొందరగా ఇలా రండి! ఈ ముక్కులో చూడండి, ఇలాంటిది మీరు జన్మలో చూసి ఉండరు!"

"ఏముంది?"

"మాటల్లో చెప్పేది కాదు సార్. కన్ను ఆనించి చూడాలి. కంటి ఆసుపత్రివారు, మీకు తెలియనిదేముంది!"

మేనేజరు వెళ్ళాడు. కింది అంతస్తు కిటికీ ఎదుట బావ పట్టుకున్న బ్రష్షు ముందు వంగి, ముక్కుకి కన్ను ఆనించాడు. "ఏమీ కనబడటం లేదే."

"ఇంకాస్త దగ్గరగా సార్. వెలుతురుకి అలవాటు పడాలి కన్ను. తొందరపడకండి. టైం తీసుకోండి."

టైం తీసుకోండి! పదకొండు కావడానికి పదహారు నిమిషాలుండగా! బావ తెలివితక్కువతనానికి బావమరిది మనసులోనే వెయ్యి దండాలు పెట్టి, బండి తలుపు చప్పుడు కాకుండా తీసి, గేరు తప్పించి, బ్రేకు వదిలాడు. ఏటవాలు మీద బండి ఇంజను చప్పుడే లేకుండా గజం దూరం ముందుకి జారింది. నలిగిన గొట్టం పాములా ఒళ్ళు విరుచుకుంది. పంపు మళ్ళీ గుర్రుమంది.

గొట్టంలో కూరుకున్న నీళ్ళన్నీ ఒక్కసారిగా, కసిగా, మేనేజరు మొహం మీదికి దూకాయి.

పిన్ని కొంగు నోట్లో కుక్కుకుంది. మేనేజరు కళ్ళజోడు మీంచి నీళ్ళు ధారలుగా కారి, ఆ శుద్ధమైన నీళ్ళు మరక లేకుండా ఆరిపోయాయి. ఎన్నాళ్ళకో శుభ్రపడిన కళ్ళజోడులోంచి ఆయన బావని, తర్వాత బావమరిదిని, తర్వాత బండిని వరసగా చూశాడు.

"పేరు" అన్నాడు.

"గాలి సార్" అన్నాడు బావ. "గాలి పట్టేసింది."

మేనేజరు తడిసిన పుస్తకం తెరిచి, తడిసిన కాగితం మీద, 'గాలి' అని రాసుకున్నాడు. కింద గీత కూడా గీశాడు.

పదకొండుకి రెండు నిమిషాలుందనగా చివరి అద్దం అయిపోయింది. మూడో అంతస్తులో దర్జీ రెండో కంటి కట్టు విప్పారు. ఆయన కిటికీలోంచి కిందికి చూసి వేలు చూపించి కేక పెట్టాడు. "అదుగో, ఆ కర్ర పట్టుకున్నాయన! చొక్కా బొత్తాలు ఒకటి తప్పించి పెట్టుకున్నాడు! కాజాలు కూడా చేతికుట్టు కాదు!" డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. కింద బావ తలొంచుకుని చూసుకుంటే నిజంగానే బొత్తాలు పైకీ కిందికీ ఉన్నాయి. ఏడాది పని వీళ్ళకే అని డాక్టరమ్మ కిటికీలోంచే చెప్పేసింది.

గొట్టం చుట్టేవేళ బావమరిది బండి మెట్టు మీద టీ పట్టుకుని కూర్చున్నాడు. బతికిపోయాను అనుకున్నాడు. బావ తప్పు కొసకి పోబట్టి, మేనేజర్ని అక్కడికి పిలవబట్టి బతికిపోయాను. ఎంత అదృష్టం! బావ ఎప్పుడూ తప్పు కొసకే పోతాడు గనక...

ఎప్పుడూ?

టీ గ్లాసు పెదాల దగ్గరే ఆగింది. బావకి ఏమీ తెలీదనుకుందాం. చోట్లు వంద ఉన్నా కొసలు రెండే. కళ్ళు మూసుకుని బొమ్మా బొరుసూ వేసినా సగంసార్లు ఒప్పు కొస పడాలి. ఒక్కసారైనా, పొరపాటునైనా పడాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ పడలేదంటే, నూటికి నూరుసార్లు తప్పు కొస పట్టుకోవాలంటే, నూటికి నూరుసార్లు ఒప్పు కొస ఏదో ముందే తెలిసి ఉండాలి!

పరీక్షలో అరగంట కూర్చోలేని బుర్రలో ఆ లెక్క టక్కున తేలింది. లోపం దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉన్నాడు. ఖాళీ ట్యాంకు దగ్గర పిన్ని. మట్టి బ్రష్షు దగ్గర తను. సిలిండరు దగ్గర అక్క. బావ అటు తిరిగి నిలబడ్డ ప్రతిసారీ, ఇటు ఎవరో ఒకరు గుట్టుగా తమ తప్పు దిద్దుకున్నారు.

"పిన్నీ!" అన్నాడు. "బావకి..."

"ఇవాళ తెలిసిందా నాయనా?" అంది పిన్ని ఫిల్టరు మూత బిగిస్తూ. "నాకు మొదటి వారంలోనే తెలిసింది. బడి దగ్గర ఆ బ్రష్షు ఊదుతూ, నాకు వినబడేలా రెండుసార్లన్నాడు, పది నిమిషాలు పడుతుంది, పదే పది నిమిషాలు అని. ట్యాంకు నిండటానికి పట్టేది పది నిమిషాలే."

"మరి ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదేం?"

"ఏదో సూత్రం కనిపెట్టానని మురిసిపోతున్నావ్. పాడుచెయ్యడం ఎందుకని."

బావమరిది లేచి బావ దగ్గరికి వెళ్ళాడు. బావ గొట్టం చుడుతున్నాడు. చక్రం అచ్చు పడిన చోటు పైకి కనబడకుండా లోపలి చుట్టలో పడేలా చుడుతున్నాడు.

"బావా, చక్రం చూశావు కదూ?"

"ఏ చక్రం?"

"వెనక చక్రం."

"బండన్నాక నాలుగు చక్రాలుంటాయి. ఏదని చూడనురా?"

"బావా!"

"ఆ గడ పట్టు. తుడిచి లోపల పెట్టు."

బావమరిది గడ పట్టలేదు. తన బదులు గాలి శిక్ష మోసుకుని గేటు బయటికి పోతుంటే చూస్తూ కూర్చోలేక, తిన్నగా మేనేజరు గదికి నడిచాడు. కాళ్ళు వెనక్కి పోదామన్నాయి. రెండో బండి గుర్తొచ్చి ఒకసారి ఆగాడు కూడా. అయినా తలుపు కొట్టాడు.

మేనేజరు పుస్తకం కాగితాలు పంకా కింద ఆరబెట్టుకుంటున్నాడు.

"సార్, ఆ పేరు కొట్టేసి నా పేరు రాయండి. గొట్టం మీదికి బండెక్కించింది నేను. గేటు లోపలికి నేను రాను. పని మాత్రం మా బావకే ఉంచండి. ఆయన తప్పేం లేదు."

"తెలుసు" అన్నాడు మేనేజరు.

"ఏంటి సార్ తెలుసు?"

"బండి ముందుకి జరగడం చూశాను. మీ బావ నన్ను నిలబెట్టింది కింది అంతస్తు కిటికీ ముందు. మీరే కడిగారు కదయ్యా ఆ అద్దం! అందులో బండీ, బండిలో పిల్లిలా దూరిన నువ్వూ, అన్నీ కనబడ్డాయి."

"కానీ సార్, మీ కన్ను ముక్కు మీద ఉంది కదా?"

మేనేజరు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు ఒక కన్నే మూయడం రాదు. చిన్నప్పటి నుంచీ ప్రయత్నిస్తున్నాను. మూస్తే రెండూ మూసుకుంటాయి, తెరిస్తే రెండూ తెరుచుకుంటాయి. ఈ ఆసుపత్రిలో ఎవరికీ చెప్పకు."

"మరి చూసి కూడా గాలి అని రాశారేం?"

"తప్పు చేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. ఇంకొకడి తప్పు కోసం అంత కష్టపడి బ్రష్షు పట్టుకుని నిలబడ్డవాణ్ణి ఇప్పుడే చూశాను. ఏ పేరు రాయాలో తోచలేదు, ఆయన చెప్పింది రాశాను." ఆయన పుస్తకం మూసేశాడు. "నువ్వు రావయ్యా వచ్చే నెల. గాలిని మాత్రం లోపలికి రానివ్వను."

బావమరిది బయటికొచ్చి జరిగింది చెప్పాడు. బావ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గొట్టం చుట్ట మీద కూలబడ్డాడు.

"ఎవడు వెళ్ళమన్నాడ్రా నిన్ను? ఇన్నేళ్ళు కష్టపడి ఒక్కళ్ళ పేరూ బయటికి రాకుండా నెట్టుకొస్తే, నీ అంతట నువ్వే వెళ్ళి అంతా తవ్వి పోస్తావా? ఇక ముందు నా మాట ఎవడైనా నమ్ముతాడా?"

"ఎవరూ నమ్మక్కర్లేదు బావా. అందరికీ తెలుసు."

"అందరికీ అంటే?"

"పిన్నికి. అక్కకి."

"మీ అక్కకీ తెలుసా!" బావ నిజంగా అదిరిపడ్డాడు. "నలభై ఆరు చిల్లులు పొడిచాన్రా సూదితో!"

పిన్ని ఈసారి కొంగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. బావ కాసేపు ముఖం గంటు పెట్టుకున్నాడు గానీ అది ఎంతోసేపు నిలిచే ముఖం కాదు. లేచాడు.

"సరే, మాటిచ్చాను కదా. రెండో బండి తాళం నీకు ఇచ్చెయ్యాలి" అన్నాడు.

బావమరిది ఏదో ఘాటుగా, గొప్పగా చెప్పబోయాడు. బండి రంగు గురించీ, తన డ్రైవింగు గురించీ. ఈలోగా కళ్ళల్లో ఏదో తడి మెరిసింది. ఇస్త్రీ చొక్కా చేతితో తుడుచుకుందామంటే పిన్ని చూస్తోంది, కాపలామనిషి చూస్తున్నాడు, మూడో అంతస్తు నుంచి దర్జీ రెండు కళ్ళతోనూ చూస్తున్నాడు.

తాళం చెవి బావ చొక్కా జేబులోంచి సగం బయటికి వేలాడుతూ ఎండలో తళుక్కుమంటోంది.

బావ దానివైపు కూడా చూడలేదు. అటు తిరిగి బండి వెనక తలుపు తీసి, పనిముట్ల పెట్టె మొత్తం నేల మీద బోర్లించి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క స్క్రూ పక్కకి తీసి పెడుతూ వెతకసాగాడు.

"కనబడటం లేదురా. కాస్త టైం పట్టేలా ఉంది" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.